మన మారియో నకిలీ కాదు

పాత టీవీకి ఇప్పుడు రెండు ధరలున్నాయి. చిలకలూరిపేటలోనో పర్చూరులోనో వీధి వీధీ తిరిగే పాతసామాన్లాయన దగ్గర ఒక ధర. అదే టీవీని శుభ్రంగా తుడిచి, పక్కన ఓ గేమ్ కన్సోల్ పెట్టి, మసక వెలుతురులో ఫోటో తీసి, "వింటేజ్ పీస్, రెట్రో గేమింగ్‌కి పర్ఫెక్ట్" అని హైదరాబాద్ వాళ్ళకి ఫోన్లో చూపించేవాడి దగ్గర ఇంకో ధర. ఈ తేడా గురించి నాకేం బాధ లేదు. వ్యాపారం వ్యాపారమే. మిర్చి యార్డు ఊళ్ళో పెరిగినవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కొన్నవాళ్ళు ఆ టీవీ గురించి ఏం చెప్పుకుంటున్నారన్నదే నా గొడవ.

వాళ్ళు చెప్పుకునేది ఎప్పుడూ ఒకటే కథ. ఎనభైల నాటి అమెరికా, క్రిస్మస్ చెట్టు కింద నింటెండో పెట్టె, చెక్క గోడల గదిలో పెద్ద సోనీ టీవీ. ఒంగోల్లో పుట్టి కొండాపూర్‌లో ఫ్లాట్ కొనుక్కున్నవాడు కూడా ఆ బాల్యం తనదే అన్నట్టు మాట్లాడతాడు. వాళ్ళకి ఎదురుగా ఇంకో జట్టు ఉంది: "ఫోన్లో ఎమ్యులేటర్ వేసుకుంటే సరిపోయేదానికి ఇరవై కిలోల డబ్బా ఎందుకురా నాయనా?" అనేవాళ్ళు. మూడో జట్టు మనవాళ్ళే, సాహిత్యం వాళ్ళు. వీడియో గేములు వ్యాసం రాయదగ్గ విషయమే కాదని వీళ్ళ అభిప్రాయం. తోలుబొమ్మలాట మీద పరిశోధన చెయ్యొచ్చు, కొండపల్లి బొమ్మ మీద కవిత్వం రాయొచ్చు, గేమ్ క్యాసెట్ మీద మాత్రం కుదరదు.

ముగ్గురితోనూ నాకు పేచీ ఉంది. నేననేది ఇంతే: ఆ ఆటనీ ఆ గాజు ట్యూబునీ విడదీస్తే మిగిలేది అదే ఆట కాదు. మనం ఆడిన నకలే మనకి అసలు. ఆ రెంటినీ కలిపి నడిపించిన చేతుల్ని పోగొట్టుకుంటే మన దగ్గరుండేది షోకేసు సామాను మాత్రమే.

గాజు వెనక జరిగే పని

ముందు ఎమ్యులేటర్ జట్టు సంగతి చూద్దాం. వాళ్ళది తేలిగ్గా తీసిపారేసే వాదన కాదు గనక కాస్త వివరంగా మాట్లాడాలి.

పిక్చర్ ట్యూబ్ బొమ్మని ఒక్కసారిగా చూపించదు. ట్యూబు మెడలోంచి బయల్దేరిన ఎలక్ట్రాన్ల ధార ఎడమ నుంచి కుడికి గీతలు గీసుకుంటూ పైనుంచి కిందికి దిగుతుంది. మన దేశం తీసుకున్న పాల్ పద్ధతిలో బొమ్మకి 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. ఒక్కో బొమ్మని రెండు వాయిదాల్లో గీస్తుంది: ఒక విడత బేసి గీతలు, ఇంకో విడత సరి గీతలు. వార్తలైనా చిత్రలహరి అయినా మనింటికి అట్లా వచ్చినవే. పాత గేమ్ పెట్టె ఇక్కడో కిటుకు చేస్తుంది. గీతల లెక్కని కాస్త తగ్గించి, రెండు విడతల్నీ ఒకే చోట గీయిస్తుంది. దాంతో కదలిక నున్నగా వస్తుంది, గీతకీ గీతకీ మధ్య సన్నటి నల్లటి సందు మిగులుతుంది. బొమ్మలు గీసినవాళ్ళు ఆ సందుని లెక్కలో పెట్టుకునే గీశారు. ఆ పెట్టె ఇచ్చే బొమ్మ మొత్తం అడ్డం 256 చుక్కలు, నిలువు 240. అంత తక్కువ చుక్కల్లో మీసమూ టోపీ ఉన్న మనిషిని నిలబెట్టాలంటే ట్యూబు సాయం కావాలి. చుక్క అంచుల్ని కాస్త కరిగించి, పక్క చుక్కతో కలిపి, చదరపు ముక్కల కుప్పని ఒక ముఖంగా మార్చేది ట్యూబే.

అదే బొమ్మని ఇప్పటి ఎల్ఈడీ టీవీలో పెట్టండి. ఆ 240 గీతల్నీ మామూలు టీవీ ప్రసారం అనుకుని, సరీ బేసీ కలిపి కుట్టేయాలని చూస్తుంది. పెద్ద తెరకి సాగదీస్తుంది. మారియో పొట్టిగా లావుగా అవుతాడు. సాగదీయకుండా చుక్కని చదరంగా పెడితే మనం చూసినవాడి కంటే సన్నగా అవుతాడు. ఎందుకంటే పాత టీవీ మీద ఆ చుక్క చదరం కాదు, కాస్త అడ్డంగా సాగి ఉంటుంది. ఇంత చేసేసరికి కొంత సమయం పడుతుంది. మీట నొక్కిన తర్వాత ఒక రెప్పపాటు ఆలస్యంగా ఎగురుతాడు. గోతి అంచున ఆ రెప్పపాటే ఒక ప్రాణం.

"ఫిల్టర్లు ఉన్నాయిగా, గీతల్ని కూడా అచ్చం అట్లాగే చూపిస్తాయి" అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. మంచి తెర మీద మంచి ఫిల్టర్ వేస్తే బొమ్మ వరకూ చాలా దగ్గరికి వస్తుంది. కానీ బాతుల ఆట సంగతేంటి?

తుపాకీ పట్టుకుని బాతుల్ని కాల్చే ఆట గుర్తుందా? డక్ హంట్, 1984. ఆ తుపాకీ లోంచి ఏమీ బయటికి రాదు. దాని గొట్టంలో ఉన్నది వెలుతురుని గుర్తుపట్టే చిన్న కన్ను. మీట నొక్కగానే ఆట తెర మొత్తాన్ని ఒక్క క్షణం నల్లగా చేసేస్తుంది. ఆ వెంటనే బాతు ఉన్నచోట తెల్లటి గడి వెలిగిస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో తుపాకీకి వెలుతురు కనపడితే బాతు పడినట్టు. రెండు బాతులుంటే ఒక గడి తర్వాత ఇంకో గడి. ఈ పనంతా ట్యూబు వేగానికి కట్టిన తాళం. ఎల్ఈడీ టీవీ ఆ గడిని ఆలస్యంగా వెలిగిస్తుంది, అప్పటికి ఆట తలుపు మూసేసుకుంటుంది. తుపాకీ ఎంత గురి చూసి పేల్చినా ఒక్క బాతూ పడదు. కుక్క నవ్వుతూనే ఉంటుంది. ఆ తుపాకీ బతికున్నంతకాలం దానికి కావలసింది ట్యూబే.

ఒక పుస్తకాన్ని అక్షరాల వరుస మాత్రమే అనుకునేవాళ్ళు ఈ పత్రిక చదివేవాళ్ళలో ఉండరనుకుంటాను. అచ్చు, కాగితం, అరసున్నా, పద్యం విరిగిన చోటు, ఇవన్నీ ప్రతిలో భాగమని మనం వాదిస్తాం. ఆట విషయానికి వచ్చేసరికి "కథ తెలిసిందిగా, చాలు" అంటే ఎట్లా?

నకలు ఎవరికి నకలు?

ఇప్పుడు రెట్రో జట్టు. వీళ్ళకి ట్యూబు విలువ తెలుసు. తెలిసి ఏం చేస్తున్నారంటే, అమెరికా వాళ్ళ కొలబద్దని అట్టాగే తెచ్చుకుంటున్నారు. స్టూడియోల్లో వాడిన సోనీ ప్రొఫెషనల్ మానిటర్ కావాలి. యూరప్ టీవీలకి ఉండే స్కార్ట్ కేబుల్ కావాలి. ఒరిజినల్ నింటెండో కావాలి. యాంటెన్నా వైరుతో వచ్చే బొమ్మ మురికి బొమ్మ. తైవాన్, చైనా పెట్టె అంటే "చీప్ క్లోన్".

సరే, చరిత్రలోకి వెళ్దాం. నింటెండో 1983 జూలైలో జపాన్‌లో ఫామికామ్ అమ్మింది. 1985లో వేరే చొక్కా తొడిగి అమెరికా పంపింది. తొంభైలలో మా వైపు ఊళ్ళలోని ఏ షాపులోనూ ఆ రెండింటిలో ఒక్కటి కూడా నేను చూడలేదు. మనకి వచ్చింది ఫామికామ్‌ని చూసి చేసిన పెట్టెలు. తైవాన్‌లోని యూఎంసీ లాంటి కంపెనీలు ఆ చిప్పులకి నకళ్ళు తీశాయి. తర్వాత తర్వాత చిప్పు కూడా కనపడకుండా నల్లటి లక్క ముద్ద లాంటిది మాత్రమే బోర్డు మీద ఉండేది. ఆ పెట్టెలే లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో మన చేతికొచ్చాయి. మద్రాసు బర్మా బజార్ నుంచి వచ్చాయని మా ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. పసుపు రంగు క్యాసెట్లు, దాని మీద "99,99,999 ఆటలు" అని రాసి ఉండేది. తీరా చూస్తే పదో పదిహేనో ఆటలు, అవే తిరిగి తిరిగి వచ్చేవి.

ఇది మన ఒక్కళ్ళ కథ కాదు. రష్యాలో 1992 నుంచి ఇదే పెట్టెని డెండీ అని అమ్మారు. పోలండ్‌లో పెగాసస్. చైనాలో సుబోర్. ఆ దేశాల్లో ఒక తరానికి తరం వీడియో గేమ్ అంటే ఏంటో తెలుసుకుంది ఆ నకళ్ళ మీదే. డెండీ గురించి రష్యా వాళ్ళు సిగ్గుపడరు. అది తమ బాల్యం పేరు అంటారు. మనం మాత్రం మన పెట్టెకి పేరు కూడా గుర్తుంచుకోలేదు. "వీడియో గేమ్" అన్నాం, అంతే.

నకలు అనగానే అసలుకి తక్కువరకం కాపీ అని తీర్మానించేస్తాం. కానీ ఈ నకలు వేరే పని చేసింది. అమెరికా, జపాన్ టీవీలు సెకనుకి దాదాపు 60 సార్లు గీస్తాయి, మనవి 50 సార్లు. పాల్ దేశాల కోసం చేసిన క్లోన్ చిప్పుల్లో ఆట కూడా సెకనుకి 50 అడుగులే వేస్తుంది. అంటే మారియో ఆరో వంతు నెమ్మదిగా పరిగెడతాడు. ఆ పాట తాళం కూడా ఆ మేరకి నెమ్మదిస్తుంది. శ్రుతి మాత్రం దాదాపు మారదు. అందుకే నింటెండో వాళ్ళ మారియోని ఇవాళ ఫోన్లో ఆడితే నాకు పాట తరుముకొస్తున్నట్టు ఉంటుంది. నాకు తెలిసిన ఆ రాగం కొంచెం తీరిగ్గా నడుస్తుంది. ఇది చెడిపోయిన పాట అంటారా? ఒకే కీర్తనని ఇద్దరు రెండు కాలాల్లో పాడితే ఒకటి నకిలీ అంటామా?

ఆటల జాబితా కూడా వేరు. నామ్కో 1985లో జపాన్‌లో తెచ్చిన బ్యాటిల్ సిటీ, మనం "ట్యాంకుల ఆట" అనేది, ఆ రోజుల్లో అమెరికా నింటెండోకి రాలేదు. వాళ్ళ రెట్రో జాబితాల్లో అది పెద్దగా కనపడదు. మా ఊళ్ళో మారియో తెలియనివాడికి కూడా ట్యాంకుల ఆట తెలుసు. ఇద్దరు కలిసి ఆడొచ్చు, చివర్లో ఉన్న గద్దని కాపాడుకోవాలి, పొరపాటున మనమే కాల్చుకోవచ్చు, ఇటుకలు పేర్చి మన మ్యాపు మనమే కట్టుకోవచ్చు. అమెరికా జాబితా చూసి మన బాల్యాన్ని రాసుకుంటే మనం నిజంగా ఆడిన ఆటే ఎగిరిపోతుంది. అప్పు తెచ్చుకున్న జ్ఞాపకాల కింద సొంత జ్ఞాపకం నలిగిపోవడం అంటే ఇదే.

వేళ్ళ మంట

మా జిల్లాల్లో టీవీ కథ పత్తి కథ పక్కనే నడిచింది. రామాయణం సీరియల్ 1987 జనవరిలో మొదలై 1988 జూలైలో ముగిసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. మందు మీద మందు కొట్టి, ఆ అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆదివారం పొద్దున ఊరంతా ఒక టీవీ ముందు కూచున్న కాలమూ, ఆ చావుల కాలమూ ఒకటే. పంట చేతికొచ్చిన ఏడు టీవీ కొనేవాళ్ళు. పోయిన ఏడు అదే టీవీ తాకట్టుకో అమ్మకానికో వెళ్ళేది. మా వైపు సెకండ్ హ్యాండ్ టీవీ అంటే అర్థం అది. ఎవరో ఒకరికి కలిసిరాని ఏడాది అది.

వీడియో గేమ్ షాపులు ఈ సెకండ్ హ్యాండ్ టీవీల మీదే నడిచాయి. ఒక చిన్న గది, మూడో నాలుగో టీవీలు, బెంచీలు, కూలర్ లేని ఎండాకాలం. గంటకింత అని లెక్క. ఇల్లు, టీవీ, సోఫా ఉన్నవాడి ఆట కాదిది. వేరేవాళ్ళ ఇంట్లో టీవీ చూడాలంటే గుమ్మంలో ఎక్కడ కూచోవాలో కులం చెప్పే ఊళ్ళలో, రూపాయి ఇస్తే పక్కపక్కన కూచోనిచ్చిన చోటు అది. దాన్ని సమానత్వం అని పెద్ద మాట అనను. షాపు బయటికి రాగానే ఎవరి వీధి వాళ్ళదే. కానీ ఆ గంట మాత్రం ఒకడి ట్యాంకుని ఇంకొకడు కాపాడాలి.

మిరపకాయ కోతల రోజుల్లో కొందరు బడి ఎగ్గొట్టి చేలోకి పోయేవాళ్ళు. పోవడం కాదు, ఇంట్లోవాళ్ళు పంపేవాళ్ళు. సాయంత్రం కూలి డబ్బుల్లోంచి ఒక రూపాయి దాచుకుని షాపుకొచ్చేవాళ్ళు. మిరపకాయలు తుంచిన వేళ్ళు ఎంత కడిగినా మండుతూనే ఉంటాయి. ఆ వేళ్ళతో రిమోట్ పట్టుకుని కాంట్రా ఆడేవాళ్ళు. వాళ్ళ తర్వాత ఆ రిమోట్ పట్టుకుని, మర్చిపోయి కళ్ళు నులుముకుంటే మన కళ్ళూ మండేవి. రెట్రో గేమింగ్ మీద నేను చదివిన వ్యాసాల్లో ఈ మంట ఎక్కడా లేదు. క్రిస్మస్ చెట్టు ఉంది.

ఆ షాపుల్లో నా ఈడు ఆడపిల్లలు లేరు. వాళ్ళు ఆడింది ఇళ్ళల్లో, ఎండాకాలం సెలవుల్లో, అన్నయ్యో బావో వదిలేసిన రెండో రిమోట్‌తో. వాళ్ళ జ్ఞాపకం నేను రాయలేను. రాయాల్సినవాళ్ళు రాయాలంటే ముందు ఇది రాయదగ్గ విషయమని మన పత్రికలు, మన సంపాదకులు ఒప్పుకోవాలి. సినిమా హాలు మీద, రేడియో మీద, కిళ్ళీ కొట్టు మీద మనకి కథలున్నాయి. గేమ్ షాపు మీద తెలుగులో నాలుగు మంచి కథలు చెప్పమంటే మీరెన్ని చెప్పగలరు?

కలపడం తెలిసినవాళ్ళు

ఇదంతా విని "సరే, ఒక పాత టీవీ, ఒక పాత పెట్టె కొంటాను, కలపడం ఎంతసేపు?" అనుకుంటే అక్కడే అసలు విషయం ఉంది.

పాత బ్లాక్ అండ్ వైట్ టీవీకి వెనక రెండు స్క్రూలు ఉంటాయి. యాంటెన్నా నుంచి వచ్చే చదునైన రెండు తీగల వైరు వాటికి బిగిస్తారు. గేమ్ పెట్టె వైరు చివర ఒక చిన్న డబ్బా, దాని మీద టీవీకి ఒక వైపు, గేమ్‌కి ఒక వైపు జరిపే స్విచ్. ఆ డబ్బాని మధ్యలో పెట్టి, చానల్ నాబ్ తిప్పుతూ పోతే ఒక చోట చుక్కలు తగ్గి బొమ్మ కనపడుతుంది. పెట్టె 60 లెక్కదైతే బొమ్మ పైకి దొర్లుకుంటూ పోతుంది. అప్పుడు వెనక ఉన్న వర్టికల్ హోల్డ్‌ని కొంచెం కొంచెంగా తిప్పి ఆపాలి. కలర్ టీవీలో కూడా బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వస్తే టీవీ పాడైందని కాదు, పెట్టె వేరే దేశపు రంగు పద్ధతిలో పంపుతోందని. తర్వాత వచ్చిన కలర్ టీవీలకి వెనకో ముందో పసుపు, తెలుపు పిన్నులుంటాయి. వాటిలో పెట్టి ఏవీ నొక్కితే పని అయిపోతుంది. ఇప్పటి హెచ్‌డీఎంఐ పెట్టెలకి బజారులో దొరికే చిన్న కన్వర్టర్ పెడితే బొమ్మ వస్తుంది. కాకపోతే నేను చెప్పిన 240 గీతల కిటుకు అందులో పోతుంది, ఆలస్యం వచ్చి చేరుతుంది. ట్యూబు కొన్నారు, ట్యూబు ఇచ్చేది మాత్రం దక్కలేదు.

ఇదంతా చెప్పగలిగినవాడు ఒకడున్నాడు. టీవీ మెకానిక్. ఐటీఐల్లో ఒకప్పుడు రేడియో, టీవీ మెకానిక్ అని ప్రత్యేకంగా ట్రేడు ఉండేది. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట లైన్ల నుంచి ఇంకొల్లు, మార్టూరు సెంటర్ల దాకా ఆ చదువు చదివినవాళ్ళు, చదవకుండా నేర్చుకున్నవాళ్ళు బతికారు. మా వైపు మెకానిక్‌కి ఇంకో తెలివి కూడా కావాలి. ట్యూబులో వేల వోల్టుల కరెంటు ఉంటుంది గనక చుట్టుపక్కల దుమ్మంతా లోపలికి లాక్కుంటుంది. జిన్నింగ్ మిల్లు పక్క ఇంటి టీవీ వెనక మూత తీస్తే లోపల తెల్లటి నూగు. మిరపకాయలు ఆరబోసే కళ్ళాల పక్క ఇంటి టీవీ తీస్తే ఎర్రటి పొడి. బ్రష్షు పెట్టగానే మెకానిక్‌కి తుమ్ములు. మోటార్లు ఆడే వేళకి వోల్టేజీ పడిపోతుంది, స్టెబిలైజర్ టకటకమంటుంది, ఎల్ఓటీ పోతుంది. ఏ ఊళ్ళో ఏది ముందు పోతుందో వాళ్ళకి తెలుసు.

నాకు తెలిసిన ఒక పెద్దాయన, నేను బాబాయ్ అని పిలుస్తాను, ఇప్పుడు ఫోన్లకి గ్లాసులు అతికించి బతుకుతున్నాడు. మూలన ఉన్న పాత టీవీ ఒకటి అడిగితే, "ఏందబ్బాయ్, ఊరంతా పారేస్తంటే నువ్వు ఏరుకుంటన్నావే?" అని నవ్వాడు. తర్వాత మూత విప్పి, ఒక గంటసేపు ఒక్కో భాగం పేరూ చెప్పాడు. ఆ గంటని ఎవరూ రికార్డు చెయ్యలేదు. ఆయన లాంటివాళ్ళ గంటలు ఇంకా ఎన్ని మిగిలాయి?

కొన్నవాళ్ళకి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్లగ్గు పీకేసినా ట్యూబులో కరెంటు నిలవుంటుంది. వీడియో చూసి సొంతంగా మూత విప్పొద్దు. ఆ పని తెలిసినవాడికి డబ్బులిచ్చి చేయించుకోండి. ఈ సరదా వల్ల ఒక మెకానిక్‌కి నాలుగు డబ్బులొస్తే ఈ సరదాకి అదే పెద్ద గౌరవం.

అడ్డుచెప్పేవాళ్ళకి

"ఇది దొంగ సరుకు కదా, దొంగతనాన్ని వారసత్వం అంటావా?" అని ఒక ప్రశ్న. కాపీరైటు పరంగా ఆ పెట్టెలూ క్యాసెట్లూ దొంగవే. దాన్ని నేను కాదనను. కానీ ఏ దుకాణంలోనూ అసలు సరుకు దొరకని పిల్లాడు, దొరికినా కొనలేని పిల్లాడు, ఆ ఆటని నేర్చుకున్న తీరు దొంగది కాదు. చరిత్ర రాసేవాడు ఏం జరిగిందో దాచాలి గానీ, ఏం జరిగి ఉండాల్సిందో కాదు.

"సీసం విషం కదా, ఆ డబ్బాల్ని ఇంట్లో పెట్టుకోమంటావా?" అని ఇంకో ప్రశ్న. ఇది గట్టి ప్రశ్న. కలర్ ట్యూబు వెనక గరాటు ఆకారపు గాజులో సీసం బాగా ఉంటుంది, పెద్ద సెట్టులో కిలోకి పైనే. కానీ గాజు అతుకు విడనంత కాలం ఆ సీసం గాజులోనే ఉంటుంది. ప్రమాదం పగలగొట్టినప్పుడు. మనం చేస్తున్నది సరిగ్గా అదే. మెడ విరగ్గొట్టి, యోక్ లాగి, రాగి తీగ తీసుకుని, గాజుని చెరువు గట్టునో సాగర్ కాలువ పక్కనో పారబోస్తున్నారు. ఆ కాలువ నీళ్ళే మిరప చేలకి పోతాయి. ఈ-వ్యర్థాలకి 2011 నుంచి దేశంలో నిబంధనలున్నాయి, 2016లోనూ 2022లోనూ వాటిని మార్చి రాశారు. తోపుడుబండి దగ్గరికి అవి చేరలేదు. నేను ప్రతి టీవీనీ దాచమనడం లేదు. నడిచేవాటిలో కొన్నిటిని నడవనివ్వండి, మిగిలినవాటిని లైసెన్సు ఉన్న రీసైక్లింగ్ వాళ్ళకి చేర్చండి అంటున్నాను. పగలగొట్టే సుత్తి మాత్రం ఈ రెంట్లో ఏదీ కాదు.

"కరువు, అప్పులు, వలసలు ఉండగా ఆటబొమ్మల గోలేంటి?" అనేది మూడో ప్రశ్న, ఎక్కువగా మన సాహిత్య మిత్రులది. మిరపకాయ కోసిన చేతుల సంగతి చెప్పాకా ఈ ప్రశ్న అడిగితే నా దగ్గర జవాబు లేదు. పేదవాడి ఆకలి మాత్రమే సాహిత్యానికి పనికొస్తుంది, వాడి ఆట పనికిరాదు అనుకోవడంలో నాకైతే గౌరవం కనపడదు.

దాచుకోవడం మనకి చేతకాదని కాదు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం మా పత్తి పొలాలకి దగ్గర్లోనే ఉంది. పాత పత్రికల్ని దశాబ్దాల పాటు కాపాడింది గనకే ఇవాళ పరిశోధకులు అక్కడికి పరిగెత్తుతున్నారు. ఆ పత్రికల్ని కట్టలు కట్టి దాచిన రోజుల్లో అవీ పాత కాగితాలే. దాచనిదాని సంగతీ మనకి తెలుసు. 1921 నాటి భీష్మ ప్రతిజ్ఞ మన మొదటి సినిమా అని ఉపన్యాసాలు ఇచ్చుకుంటాం, చూద్దామంటే ప్రింటు లేదు. అప్పుడూ ఎవరో ఒకరు "పాత రీళ్ళే కదా" అనే ఉంటారు.

కాబట్టి నేనడిగేది చాలా చిన్నది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. గుంటూరులోనూ ఒంగోల్లోనూ ఒక్కో గ్రంథాలయంలో ఒక బల్ల, దాని మీద నడిచే ట్యూబు టీవీ ఒకటి, దొంగ పెట్టె ఒకటి, పసుపు క్యాసెట్టు ఒకటి, బాతుల తుపాకీ ఒకటి పెట్టండి. అద్దాల వెనక వద్దు, పిల్లలు పట్టుకుని ఆడేట్టు పెట్టండి. నెలకోసారి వచ్చి చూసే మెకానిక్‌కి జీతం ఇవ్వండి. జిల్లాకి పదేసి ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, పిల్లల చేత ఆ మెకానిక్‌ల మాటలు రికార్డు చేయించండి, ప్రాజెక్టు మార్కులు ఇవ్వండి. హైదరాబాద్‌లో టీవీ కొనుక్కున్నవాళ్ళు అది ఏ ఊరి నుంచి వచ్చిందో, ఎవరింట్లో ఉండేదో ఒక్క ముక్క అడిగి రాసిపెట్టుకోండి.

ఇవేవీ చెయ్యకపోతే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు. ట్యూబులు తయారుచేసే ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. కొత్త ట్యూబు ఇక రాదు. ఉన్నవాటిలో ఒక్కొక్కటీ మసకబారుతోంది. ఇంకో పదేళ్ళకి మన మనవలకి మారియో దొరుకుతాడు, కానీ అమెరికా వేగంతో, అమెరికా రంగుల్లో దొరుకుతాడు. ఆరో వంతు నెమ్మదిగా పరిగెత్తిన మన మారియో ఎట్లా ఉండేవాడో చూపిద్దామంటే చెయ్యి కాలువ గట్టు వైపు చూపించాల్సి వస్తుంది.